మూడో వరుసలో కూర్చునేది ఎవరు?
రెనో ట్రైబర్ లాంటి నాలుగు మీటర్లలోపు పొడవున్న బండిలోనూ ఏడుగురు హాయిగా ఊరెళ్లవచ్చని, ఏడు సీట్ల కార్ల మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. సీట్ల లెక్కకు అది నిజమే కానీ, సామాను లెక్క వేరు. ట్రైబర్‌లో మూడు వరుసలూ వేసి ఉంచితే డిక్కీలో మిగిలేది 84 లీటర్ల చోటే. సంక్రాంతికి బయల్దేరే ఏడుగురి బట్టల సంచులు అందులో ఎలా పడతాయి? దానికంటే పొడవైన మారుతి ఎర్టిగాలో 209, కియా కారెన్స్‌లో 216 లీటర్లు ఉంటాయి. పైగా ట్రైబర్‌లోని ఒక లీటరు, మూడు సిలిండర్ల ఇంజిను నగరంలో నలుగురితో చక్కగా నడుస్తుంది గానీ, నిండు బండితో ఘాట్ రోడ్డు ఎక్కాలంటే మాటిమాటికీ గేరు తగ్గించాల్సిందే. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకే ట్రైబర్‌ను చూడటానికి ఆమెను కూడా వెంట తీసుకెళ్లాం. రెండో వరుస సీటు ముందుకు జరిపినా, మూడో వరుసకు వెళ్లే ఆ సందులో నడుం వంచి కాలు లోపలికి పెట్టడానికే అవస్థ పడింది. కూర్చున్నాక మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆనిక లేకుండా పోయింది. అమ్మ మధ్య వరుసలో, పిల్లలు వెనుక అని అప్పుడే తేల్చుకుని ఎర్టిగా తీసుకున్నాం. అయితే ట్రైబర్‌ను తీసిపారేయలేను. వెనుక సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టుకుంటే 625 లీటర్ల చోటు వస్తుంది. రోజూ నలుగురు, ఎప్పుడో ఒకసారి ఏడుగురు తిరిగే ఇంటికి అది మంచి బండి. సీఎన్‌జీ ఎర్టిగాలో సిలిండరు డిక్కీలోనే ఉండి సామాను చోటు తినేస్తుందన్న సంగతి మాత్రం వ్యాసంలో తప్పకుండా రాయాల్సింది.