అడవి కాచే ఉపగ్రహ చిత్రం ఎవరి చేతికి చేరాలి?

1972 నుంచి పోగుపడిన ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలన్నిటినీ అమెరికా 2008లో అందరికీ ఉచితం చేసింది. ప్రకృతి పరిరక్షణకు ఇంత మేలు చేసిన నిర్ణయాలు చాలా కొద్ది. 2000 నుంచి 2012 వరకు ప్రపంచం సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్ల అడవిని పోగొట్టుకుందని, అన్ని దేశాలనూ ఒకే కొలతతో చూసి లెక్క తేల్చగలిగింది ఆ చిత్రాల వల్లే. అంతకుముందు ఏ దేశం చెప్పిన లెక్క ఆ దేశానిదే.

అయితే చిత్రం దానంతట అది ఒక్క చెట్టునూ కాపాడదు. బ్రెజిల్‌నే చూడండి. 2004లో అక్కడి అమెజాన్‌లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నరికేశారు. అదే ఏడాది ఆ దేశ అంతరిక్ష పరిశోధన సంస్థ 'డెటర్' అనే హెచ్చరిక వ్యవస్థను మొదలుపెట్టింది. ఎక్కడ కొత్తగా చెట్లు కూలుతున్నాయో అధికారులకు త్వరగా తెలిసేది, తనిఖీ బృందాలు నేరుగా అక్కడికే వెళ్లేవి. జరిమానాలు పడ్డాయి, చట్టం తప్పిన భూస్వాములకు బ్యాంకు రుణాలు ఆగాయి. 2012 నాటికి నరికివేత 4,600 చదరపు కిలోమీటర్ల లోపుకు దిగింది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి. 2019లో ఈ లెక్కలు నిజమేనని గట్టిగా నిలబడిన సంస్థ అధిపతి రికార్డో గాల్వావ్ పదవి పోయింది. 2021లో నరికివేత మళ్లీ 13 వేలు దాటింది. ఉపగ్రహాలు అన్నేళ్లూ చూస్తూనే ఉన్నాయి. కిందికి వెళ్లి ఆపాల్సినవాళ్లే తగ్గిపోయారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అంటార్కిటికాలో మంచు మీద రెట్టల మరకలను ఉపగ్రహ చిత్రాల్లో చూసి ఎంపరర్ పెంగ్విన్ల స్థావరాలు ఎక్కడున్నాయో పట్టుకోవచ్చు. దట్టమైన అడవిలో ఆ వీలు లేదు. వేటగాళ్లు జంతువులన్నిటినీ ఖాళీ చేసినా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది. సహజారణ్యాన్ని కొట్టి ఒకే జాతి చెట్లు నాటితే అదీ పచ్చదనం కిందే లెక్కకు రావచ్చు. 2030 నాటికి నేలలో, సముద్రంలో 30 శాతాన్ని రక్షిస్తామని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ మాట నిలబెట్టుకున్నామని చెప్పడానికి పచ్చని మ్యాపు చూపిస్తే చాలదు. లోపల ఏ ప్రాణి మిగిలిందో నేల మీద తిరిగి చూసినవాళ్లే చెప్పాలి.

అందుకే నాకు పెరూ ప్రయోగం చాలా విలువైనదిగా అనిపిస్తుంది. అమెజాన్‌లోని 36 ఆదివాసీ సమూహాలకు ఉపగ్రహ హెచ్చరికలు అందేలా చేశారు. గస్తీ తిరగడానికి గ్రామస్థులకే శిక్షణ, జీతం ఇచ్చారు. ఈ ఏర్పాటు లేని సమూహాలతో పోలిస్తే మొదటి ఏడాది నరికివేత సగానికి తగ్గింది. రెండో ఏడాది ప్రభావం తగ్గినా, ప్రమాదం ఎక్కువగా ఉన్నచోట ఫలితం బాగా కనిపించింది. ఐరోపాకు చెందిన సెంటినెల్-2 ఉపగ్రహాలు ఇప్పుడు దాదాపు ఐదు రోజులకోసారి, నేల మీద 10 మీటర్ల చోటు ఒక చుక్కగా కనిపించేంత స్పష్టతతో ఉచితంగా చిత్రాలిస్తున్నాయి. చిత్రాలకు కొరత లేదు. సాయం చేసే దేశాలు, సంస్థలు ఇక గస్తీ తిరిగేవాళ్ల జీతాలకు, వాళ్ల భూమి హక్కులకు, ఫిర్యాదు చేసినవాళ్ల రక్షణకు డబ్బు పెట్టాలి.