కార్ల్ పొగమంచు గారికి ఒక ఫోటోగ్రాఫర్ విన్నపం

మహారాజశ్రీ కార్ల్ పొగమంచు గారికి,
గోల్డెన్ గేట్, శాన్ ఫ్రాన్సిస్కో.

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీరు క్షేమంగా ఉన్న సాయంత్రం నేను క్షేమంగా ఉండను కనుక ఆ ముక్క వదిలేస్తున్నాను. 2010లో ఎవరో పేరు చెప్పని మనిషి ట్విట్టర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచైన మీకు కార్ల్ అని నామకరణం చేశాక మీ పరపతి మరీ పెరిగింది. మీకు అభిమానులున్నారు. నాకు క్లయింట్లున్నారు. తేడా అక్కడే వచ్చింది.

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. శని ఆదివారాలు మనవాళ్ళకి ఫోటోలు తీస్తాను: సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు, గ్రాడ్యుయేషన్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. కార్డు మీద ‘పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్’ అని ఉంటుంది, అంటే మొహాలు తీసేవాణ్ణని. అయితే ఫోన్ చేసేవాళ్ళ మొదటి ప్రశ్న, “గోల్డెన్ గేట్ బ్రిడ్జి మొత్తం పడుతుందా అండీ?” రెండోది రేటు. మొహాల ప్రస్తావన ఇంకా రాలేదు.

మీ పుట్టుపూర్వోత్తరాలు వాకబు చేశాను. వేసవి గాలులకి ఈ తీరం వెంబడి సముద్రం అడుగునుంచి చన్నీళ్ళు పైకి తేలతాయి. వాటి మీదుగా వచ్చే తడిగాలి చల్లబడితే అది మీరు. అటు లోపల శాక్రమెంటో, ఫ్రెస్నో వైపు లోయంతా పెనంలా కాలి, వేడిగాలి పైకి లేచిపోతుంది. ఆ ఖాళీలోకి సముద్రపు గాలి పరుగెత్తాలి. తీరం పొడుగునా కొండలు అడ్డం. సందు దొరికేది గోల్డెన్ గేట్ దగ్గర. సరిగ్గా అక్కడే 1937లో వంతెన ప్రారంభించారు. కాబట్టి వంతెనే మీ దారికి అడ్డొచ్చింది గానీ మీరు వంతెనకి అడ్డు రాలేదు. కోర్టుకెళ్తే తీర్పు మీవైపే వస్తుంది. అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సింది మాత్రం నేను.

ఆ వంతెనకి నలుపు, పసుపు చారలు వేస్తే ఓడలకి బాగా కనబడుతుందని నేవీవాళ్ళు అన్నారట. ఇర్వింగ్ మారో అనే ఆర్కిటెక్టు పట్టుబట్టి నారింజ రంగు వేయించాడు, మీ మధ్య కూడా అది కనబడుతుందని. పాపం, జులైలో వచ్చి చూడాల్సింది. 746 అడుగుల స్తంభాలు, రెంటికి రెండూ మాయం. వంతెన ఇంకా ఉందనడానికి ఆనవాలు ఓడల్ని హెచ్చరించే పొగమంచు హారన్లే, మీ సీజన్‌లో రోజుకి ఐదు గంటల పైన కూడా మోగుతాయి. నేను క్లయింట్లకి ఆ మోత వినిపించి, “అదిగో, అక్కడే” అని చూపిస్తుంటాను.

మా ఇళ్ళ క్యాలెండరు మీకు ఎవరు అందించారో గానీ, నా అనుమానం మనవాళ్ళ మీదే. పిల్లలకి బడి సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా, అమ్మమ్మా తాతయ్యా దిగేది అప్పుడే, మీరు దిగేదీ అప్పుడే. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది, అప్పటికి తాతయ్యగారు గుంటూరు వెళ్ళిపోయి మిర్చి ధర చూసుకుంటూ ఉంటారు. సీమంతమైతే అసలు వాయిదా మాటే లేదు. ఫ్రీమాంట్‌లో 90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో షిఫాన్ చీర కట్టుకుని కారెక్కిన అమ్మాయి, గంట తర్వాత 55 డిగ్రీల్లో మీ ముందు దిగుతుంది. రాత్రి కూర్చుని ఆ చేతుల మీద నిక్కబొడుచుకున్న రోమాల్ని కంప్యూటర్‌లో నున్నగా దిద్దడం నా పని.

పోయిన వేసవిలో ఒక కుటుంబాన్ని బ్యాటరీ స్పెన్సర్‌కి తీసుకెళ్ళాను. 19వ శతాబ్దం చివర్లో శత్రు నౌకల కోసం ఫిరంగులు పెట్టిన కొండ అది. ఇప్పుడు ట్రైపాడ్లు పెడతారు, పోరు మాత్రం పార్కింగు కోసం. అంకుల్ కొత్త సూటు, ఆంటీ గద్వాల్ చీర.

“ఏది బాబూ బ్రిడ్జి?”

“మీ వెనకే అంకుల్.”

ఆయన వెనక్కి తిరిగారు. తెల్లగా ఉంది. మళ్ళీ నా వైపు తిరిగారు. “దీనికి పదహారు గంటలు విమానంలో కూర్చోవాలా? లంబసింగిలో ఇంతకన్నా చిక్కటిది ఉంటుంది. పైగా బొంగు చికెన్ దొరుకుతుంది.”

మీకు తెలియదేమో, మా విశాఖ మన్యంలో మీ జాతివాళ్ళకి వేరే మర్యాద. లంబసింగిలో, వంజంగి కొండ మీద పొగమంచు చూడ్డానికే జనం అర్ధరాత్రి బయల్దేరి చీకట్లో కొండెక్కుతారు. కనబడకపోతే తిట్టుకుంటారు. ఇక్కడ కనబడితే తిట్టుకుంటారు. ఇందులో మీ తప్పేమీ లేదు.

బొంగు చికెన్ మాటకి ఆంటీ నవ్వారు. అల్లుడి జాకెట్ గద్వాల్ మీద తొడుక్కుని, కొంగు చెవులకి చుట్టుకుని, పళ్ళు కొద్దిగా వణుకుతుండగా ఆయన్ని చూసి నవ్విన నవ్వది. అప్పుడు నొక్కాను. కళ్ళ కింద నీడ లేదు, నుదుటి మీద మెరుపు లేదు, ముక్కుపుడక రాయి సైతం మెత్తగా వెలిగింది. అలాంటి వెలుతురు కోసం స్టూడియోలో ఎంత పెద్ద సాఫ్ట్‌బాక్స్ పెట్టినా చాలదు, మీరు ఆకాశమంత పెద్దది పైసా తీసుకోకుండా పరిచారు. ఆ సీజన్‌లో నేను తీసినవాటిలో అదే మేలైన ఫోటో. పంపించాను. వాళ్ళమ్మాయి దగ్గర్నుంచి జవాబొచ్చింది: “బాగున్నాయండీ. కానీ మా వంటింటి గోడ ముందు తీసినా ఇలాగే వచ్చేవి కదా? వెనకాల బ్రిడ్జి పెట్టగలరా?”

ఫోటోలు దిద్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ‘డీహేజ్’ అని ఒక మీట ఉంది, మీ మీద ప్రయోగించడానికే. కుడివైపుకి లాగితే మీరు కదలరు గానీ, అంకుల్ మొహం ఇటుక రంగుకి తిరుగుతుంది.

మీకు ఋణపడ్డ సంగతి కూడా ఒకటుంది, దాచను. బేకర్ బీచ్‌లో ఉత్తరం వైపు నడిచేకొద్దీ వంతెన దగ్గరవుతుంది. ఆ చివర బట్టలు వేసుకోవడం, మానుకోవడం జనం ఇష్టం. అంటే వంతెన ఎంత దగ్గరైతే బట్టలు అంత తక్కువ. నేను మర్యాదగా దక్షిణం చివరే కెమెరా పెట్టాను. బామ్మగారితో సహా పట్టుచీరల్లో వచ్చిన ఉమ్మడి కుటుంబం అది, పెద్దాయన వింటేనా! “ఇంకాస్త ముందుకెళ్తే పెద్దగా పడుతుంది కదా” అంటూ అందర్నీ నడిపించుకుపోయారు. చెబుదామంటే బామ్మగారి ముందు ఎలా చెప్పను? అప్పుడు వచ్చారు మీరు, ఆపద్బాంధవుల్లా, నీళ్ళ మీదనుంచి సరాసరి ఇసకలోకి. “అబ్బే, ఏమీ కనబడ్డం లేదురా” అని బామ్మగారు వెనక్కి తిరిగారు. మీకు శతకోటి దండాలు.

ఇక అసలు మనవి. వచ్చే శనివారం సాయంత్రం విజయవాడ దంపతులు వస్తున్నారు. అక్కడ షష్టిపూర్తి అయింది, ఇక్కడ ఫోటో మిగిలింది. మరుసటి గురువారం వాళ్ళ ప్రయాణం. ఏడుంపావు నుంచి ఏడున్నర దాకా మీరు కాస్త పక్కకి తప్పుకుంటే చాలు. మొత్తం బ్రిడ్జి అక్కర్లేదు. ఉత్తరం స్తంభం ఒక్కటి చూపించండి, అదీ పైసగం. రెండోది దాన్నే కాపీ చేసి పెట్టుకుంటామని అల్లుడుగారు ముందే చెప్పారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఫ్రీమాంట్ ఫోటోగ్రాఫర్