సవరణ: రెండో బాంబుకు విడిగా ఆదేశం లేదు

హిరోషిమా, నాగసాకి గురించి మొన్న పెట్టిన పోస్టులో ఇలా రాశాను: "పోట్స్‌డామ్ ప్రకటనను (లొంగిపొమ్మని మిత్రదేశాలు చేసిన హెచ్చరికను) జపాన్ తోసిపుచ్చాకే బాంబు వేయమని ఆదేశం వెళ్లింది. మూడు రోజులు చూసి, లొంగకపోవడంతో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ రెండోది కూడా వేయమన్నాడు." రెండు వాక్యాలూ తప్పే. చదవడానికి బాగుంటుందని వరస కలిపేశాను.

లిఖిత ఆదేశం తేదీ 1945 జులై 25. పోట్స్‌డామ్ ప్రకటన వెలువడింది మర్నాడు, 26న. హిరోషిమా, కోకురా, నీగాటా, నాగసాకి పేర్లు ఆ ఆదేశంలోనే ఉన్నాయి. ఆగస్టు 3 తర్వాత వాతావరణం అనుకూలిస్తే మొదటిది, మిగతావి సిద్ధమైన కొద్దీ వేయమని అందులో ఉంది. కాబట్టి రెండోదానికి ట్రూమన్‌ని మళ్లీ అడగాల్సిన పనే పడలేదు. ముందు ఆగస్టు 11 అనుకున్నారు, వాతావరణం పాడవుతుందని తెలిసి 9కి జరిపారు. అంతే, "చూసి" నిర్ణయించిందేమీ లేదు.

ఆ రోజు అసలు గురి కూడా నాగసాకి కాదు, కోకురా. మూడుసార్లు తిరిగినా కింద ఊరు కనబడలేదు, పైగా ఇంధనం టెన్షన్. దాంతో విమానం నాగసాకికి మళ్లింది. ఇది పాత పోస్టులో అసలు రాయనే లేదు.

ఇక మీదట నా అనుమతి లేకుండా వేయొద్దని ట్రూమన్ ఆపింది ఆగస్టు 10న, అంటే నాగసాకి అయిపోయాక. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను. జపాన్ అధీనంలోని మంచూరియాపై సోవియట్ దాడి కూడా 9నే మొదలైందన్న భాగం సరైనదే, దాన్ని అలాగే ఉంచాను.