వంద దాకా చెప్తాడు, మూడు ఇమ్మంటే ఇవ్వలేడు

రెండున్నరేళ్ల పాప అక్షరాలన్నీ గడగడా అప్పజెబుతుంటే వీడియో తీసి అందరికీ పంపడం, అది చూసి అదే వయసు పిల్లలున్న ఇంట్లో టెన్షన్ మొదలవడం మామూలైపోయింది. ఏ వయసుకి ఏమి రావాలో చెప్పే పట్టికలకు కొదవలేదు. చాలామంది పిల్లలు మూడు నుంచి ఐదేళ్ల మధ్య అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెడతారు, అందులోనూ తమ పేరులోని మొదటి అక్షరాన్ని ముందు పట్టేస్తారు. కాస్త అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు. నన్ను విసిగించేది వేరే: అప్పజెప్పగానే పిల్లలకు వచ్చేసిందని మురిసిపోవడం.

అంకెల సంగతే చూడండి. మూడేళ్లవాడు ఒకటి నుంచి పది దాకా తడబడకుండా చెప్తాడు. వాడి ముందు బొమ్మలు కుప్ప పోసి ‘మూడు ఇవ్వు నాన్నా’ అనండి, చేతికి వచ్చినన్ని తీసి ఇచ్చేస్తాడు, పైగా నవ్వుతాడు. కారెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల మొదట్లో పిల్లలకు సరిగ్గా ఇలాంటి పరీక్షే పెట్టారు. తేలిందేమిటంటే, పిల్లలకు మొదట ‘ఒకటి’ అంటే ఎన్ని అన్నది తెలుస్తుంది, కొన్ని నెలలకు ‘రెండు’, మరికొన్ని నెలలకు ‘మూడు’. లెక్కపెట్టినప్పుడు చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న కిటుకు ఎక్కువమందికి మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో గానీ తట్టదు. ఈలోగా పెద్దవాళ్లు ఏం చేస్తుంటారు? ఇరవై, ముప్పై, యాభై అంటూ పాటను పొడిగిస్తుంటారు!

అక్షరాలు, అంకెలు రాయడంలోనూ ఇలాంటి మెలికే ఉంది. కప్పు పిడి కుడివైపున్నా ఎడమవైపున్నా కప్పే అని మెదడుకు పసితనం నుంచీ అలవాటు, రాత దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటు మానుకోవాలి. ఐదారేళ్ల పిల్లలు 3ని తిరగేసి రాసేది అందుకే. దానికి తిట్టడం దేనికి?

అక్షరాలు ముందే తెలిసిన పిల్లలు తర్వాత బాగా చదువుతారని పరిశోధనలు చెబుతున్నాయి కదా అంటారు. చెబుతున్నాయి. కానీ అలాంటి పిల్లల ఇళ్లలో తరచూ పుస్తకాలూ కబుర్లూ కూడా ఎక్కువే ఉంటాయి, ఘనతంతా అక్షరాల ఖాతాలో వేస్తే ఎలా? న్యూజిలాండ్‌లో ఐదేళ్లకు చదవడం మొదలుపెట్టినవాళ్లనీ ఏడేళ్లకు మొదలుపెట్టినవాళ్లనీ పోల్చి చూస్తే పదకొండేళ్లు వచ్చేసరికి చదవడంలో తేడా మిగల్లేదు. ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి మొదలయ్యేదే ఏడేళ్లకు. (ఏడేళ్లొచ్చి, బడిలో శ్రద్ధగా నేర్పుతున్నా అక్షరాలు నిలవకపోతే మాత్రం నాన్చకుండా నిపుణులకు చూపించాలి, డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య కావచ్చు.)

అసలు జబ్బు ఏమిటంటే, నలుగురికీ చూపించుకోగలిగిందే చదువు అనుకుంటున్నాం. ఎన్ని అక్షరాలొచ్చో లెక్కపెట్టొచ్చు, వీడియో తీయొచ్చు, పక్కింటి పిల్లతో పోల్చొచ్చు. కథ మధ్యలో ఆపి ‘మరి ఆ కుందేలు ఎందుకు ఏడ్చింది’ అని అడిగిన పిల్లకు మార్కులెవరేస్తారు? ఇది మూడేళ్లతో ఆగేదీ కాదు. పరీక్షలు, ర్యాంకులు, బట్టీ పట్టిన జవాబులు అన్నీ ఈ వరసే. చిన్నప్పుడు యాభై దాకా పాడి చప్పట్లు కొట్టించుకున్నవాడు పదిహేనేళ్లకు సూత్రం పొల్లుపోకుండా చెప్తాడు, లెక్క కాస్త మార్చి ఇస్తే చేతులెత్తేస్తాడు. అప్పుడు ఇంట్లోవాళ్లు ట్యూషన్ మారుస్తారు.