బ్యాటరీ గారి లిఫ్టు ప్రయాణం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇప్పుడు రోళ్లు ఎవరిళ్లలోనూ లేవు కాబట్టి ఆ పని ఇన్వర్టర్ బ్యాటరీలు చేస్తున్నాయి. మా గుంటూరులో మే నెలాఖరున బ్యాటరీ షాపుకి ఫోన్ చేస్తే "ఎవరండీ?" అని అడగరు, "ఎన్నో ఫ్లోరు?" అని అడుగుతారు.

మా ఇన్వర్టర్ కాపురం బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన, చక్రాల ట్రాలీ మీద. దాని మీద మా అత్తయ్య స్వయంగా అల్లిన క్రోషే కవరు, కవరు మీద వడియాల డబ్బా, డబ్బా మీద పాత పేపర్లు. చుట్టూ గాలి ఆడాలని కంపెనీ వాళ్లు పుస్తకంలో బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ పుస్తకం కూడా ఆ పేపర్ల కిందే ఉంది.

కొన్న కొత్తలో మా ఆయన లెక్క కట్టి చెప్పారు. బ్యాటరీ కెపాసిటీ 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) ఇంటూ 12 వోల్టులు, అంటే 1800 వాట్-అవర్లు. మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, టీవీ కలిపి 350 వాట్లు వేసుకుంటే ఐదు గంటలు. మధ్యలో ఇన్వర్టర్ తినేసేది పోను నాలుగు గంటలకి ఢోకా లేదు. లెక్క తప్పలేదు, మొదట్లో హాయిగానే గడిచింది. తర్వాత ఆ నాలుగు గంటలు మూడయ్యాయి, మూడు ఒకటైంది. ఈ ఏడాదైతే సీరియల్ మధ్యలో కరెంటు పోతే తర్వాతి యాడ్ దాకా కూడా లాగలేకపోయింది. రాత్రిపూట మరీ ఘోరం. ఉక్కపోతకి మెలకువ రావడం తర్వాతి సంగతి, ముందు దాని "కీక్ కీక్" కేకలకే లేచి కూర్చునేవాళ్లం. పడుకున్నవాళ్లని పనిగట్టుకుని లేపి, ఇక నావల్ల కాదని చెప్పి మరీ ఆగిపోయే యంత్రం ఇదొక్కటే అనుకుంటాను.

మా పై ఫ్లోరు బాబాయి గారు కరెంటు డిపార్ట్‌మెంటులో రిటైరయ్యారు. అప్పుడు కప్పిన శాలువా బీరువాలో ఉంది గానీ మల్టీమీటరు మాత్రం ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. కబురు చేయగానే దిగి వచ్చి, పేపర్లు తీసి, వడియాల డబ్బా నా చేతికిచ్చి, క్రోషే కవరు మర్యాదగా మడత పెట్టి అత్తయ్య చేతికిచ్చి, బ్యాటరీ ముందు గొంతుక్కూర్చున్నారు.

బ్యాటరీ నెత్తిన ఆరు మూతలుంటాయి, సెల్లుకొకటి. మూత మధ్యలో చిన్న పుల్ల. నీళ్లు సరిపడా ఉంటే అది తేలి పచ్చగీత కనిపిస్తుంది, తగ్గితే ఎర్రగీత దాకా దిగుతుంది. మా పుల్లలకి ఎరుపూ లేదు పచ్చా లేదు, మూతల్లోకి పూర్తిగా దిగిపోయి ఉన్నాయి. ప్లస్ టెర్మినల్ చుట్టూ నీలంగా, తెల్లగా పొడి పేరుకుపోయి లోపల బోల్టు ఉందో లేదో కూడా తెలియడం లేదు. బాబాయి గారు మీటరు పెట్టి చూశారు. 10.4.

"సెల్లుకి రెండు వోల్టుల పైచిలుకు. ఆరింటికీ కలిపి పన్నెండున్నర ఉండాలి. రెండు తగ్గిందంటే ఒక సెల్లు పోయినట్టే" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తీసిన తీరుకి మా అత్తయ్య "అయ్యో పాపం" అన్నారు.

వెంటనే విచారణ మొదలైంది. నీళ్లు ఎవరు పోస్తున్నారు?

షాపు వాళ్లే వచ్చి పోస్తారనుకున్నానని మా ఆయన. నాన్న పోస్తున్నారనుకున్నానని మా అబ్బాయి. ఫ్యాను తిరిగినన్నాళ్లూ ఇన్వర్టర్ మాదంటే మాదన్నవాళ్లే ఇద్దరూ.

"నేను పోశాను కదరా సంక్రాంతికి!" అన్నారు అత్తయ్య. "ఆరు మూతలూ తీసి, గరాటు పెట్టి, ఒక్క చుక్క కింద పడకుండా."

"ఏ నీళ్లమ్మా?" అన్నారు మా ఆయన, అనుమానంగా.

"మనం తాగేవే. మినరల్ వాటర్ టిన్నులోవి. ఇంటిల్లిపాదికీ గాలి ఇచ్చే వస్తువు, దానికి కుళాయి నీళ్లు పోస్తానా?"

బాబాయి గారు గొంతుక్కూర్చున్నవారు కాస్తా చతికిలబడ్డారు. లోపలి సీసం పలకలకి ఆ మినరల్సే గిట్టవనీ, డిస్టిల్డ్ వాటర్ అంటేనే అవేవీ లేని నీళ్లనీ ఓపిగ్గా చెప్పారు. "మనుషులు తాగితే ఆరోగ్యం, అది తాగితే రోగమా? ఇదెక్కడి చోద్యం!" అన్నారు అత్తయ్య. ఆవిడ కోపమంతా బ్యాటరీ మీదే తప్ప నీళ్ల మీదికి పోలేదు. చప్పుడు విని వచ్చిన పక్క ఫ్లాటు పిన్ని గారు, తాము ఏసీ పైపు నీళ్లు పట్టి పోస్తామని గర్వంగా చెప్పారు. ఏసీ కాయిల్ మీది దుమ్మూ ధూళీ కడుక్కుంటూ వచ్చే నీళ్లవి అని బాబాయి గారు ఆ ఇంటి బ్యాటరీకి కూడా ముందస్తుగా సంతాపం తెలిపారు.

వారంటీ 60 నెలలని మా ఆయనకి బాగా గుర్తు. కార్డే గుర్తులేదు. ఇల్లంతా వెతికితే ఆఖరికి సత్యనారాయణ వ్రతం పుస్తకంలో దొరికింది. తేదీ ఉంది, సీరియల్ నంబరు ఉంది, షాపు ముద్ర మాత్రం లేదు. ముద్ర వేయించుకొస్తానని వెళ్తే అక్కడ షాపే లేదు, బిర్యానీ పాయింటు పెట్టారు. మా ఆయన ముద్ర బదులు పార్శిల్‌తో తిరిగొచ్చారు. ఆ పూటకి నాకు వంట తప్పింది, వారంటీ వల్ల మాకు ఒనగూరిన లాభం అంతే.

కొత్త షాపుకి ఫోన్ చేస్తే సాయంత్రం ట్రాలీ ఆటోలో బ్యాటరీతో ఒక కుర్రాడు వచ్చాడు. పాతది దించితే గానీ కొత్తది ఎక్కించడం కుదరదన్నాడు, ఎక్స్ఛేంజ్ కదా. అత్తయ్య బాల్కనీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"దీన్ని కేజీ లెక్కన కొంటారా? నీళ్లతోనా, నీళ్లు లేకుండానా?"

"నీళ్లు తూకంలోకి రావు అమ్మగారూ."

"నేను పోసిన మినరల్ వాటర్ కూడానా?"

ఇక్కడ బాబాయి గారు కల్పించుకుని, అవి ఇప్పుడు నీళ్లు కావు, యాసిడ్ అనీ, సింక్‌లోనూ కాలవలోనూ పారబోయకూడదనీ, 2022లో వచ్చిన రూల్స్ ప్రకారం పాత బ్యాటరీల్ని వెనక్కి సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులదేననీ వివరించారు. అత్తయ్య చెవికి అందులో ఒక్క ముక్కే తగిలింది. "చూశావా అబ్బాయ్, మళ్లీ వాడుకుంటారట. రేటు పెంచు." కుర్రాడు నిజంగానే కాస్త పెంచాడు. పాత బ్యాటరీ కిందికి దిగి ఆటో ఎక్కింది.

ఇక కొత్తది. ఇది యాభై, అరవై కేజీల మధ్య ఉంటుంది, మెట్ల మీద మూడో అంతస్తుకి మోయడం అయ్యే పని కాదు. మా లిఫ్టు పాతకాలపు గ్రిల్ తలుపుల లిఫ్టు. లోపల ఇత్తడి రేకు మీద 'నలుగురు వ్యక్తులు, 272 కేజీలు' అని ఉంటుంది. బాబాయి గారు భాగహారం చేశారు. మనిషికి 68. బ్యాటరీ అంతకంటే తక్కువే కాబట్టి దాన్ని ఒక మనిషి కింద కట్టవచ్చు. మా ఆయన 68 దాటి చాలాకాలమైందని నేను అంటే, కుర్రాడు సన్నగా ఉన్నాడు, వాడిలోంచి సర్దుదామన్నారు. అలా బ్యాటరీ మధ్యలో, ముగ్గురు మగవాళ్లూ గోడలకి అతుక్కుని బయల్దేరారు.

రెండో ఫ్లోరు దాటాక కరెంటు పోయింది.

మా గుమ్మం ముందు నేల మీద కూర్చుని గ్రిల్ సందుల్లోంచి చూస్తే సరిగ్గా మూడు తలకాయలు కనిపిస్తున్నాయి, ఒకటి నెరిసినది. కొత్త బ్యాటరీ లిఫ్టులో, పాతది ఆటోలో, ఇంట్లో ట్రాలీ ఖాళీ. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె.

"టెన్షన్ పడకండి. కరెంటు పోతే లిఫ్టుని దగ్గరి ఫ్లోరుకి చేర్చే ఏఆర్‌డీ అని ఒకటుంటుంది. మనం పెట్టించాం కూడా" అంది నెరిసిన తల.

కాసేపు ఎదురుచూశాం. లిఫ్టు కదల్లేదు.

"మరేమైంది బాబాయ్ గారూ?" అన్నారు మా ఆయన.

"అది కూడా బ్యాటరీ మీదే పనిచేస్తుంది నాయనా."

నేను కిందికి కేకేశాను, జనరేటర్ వెయ్యమని. వాచ్‌మన్ పరుగెత్తాడు. "కిర్... కిర్ర్... టక్." మళ్లీ అదే. కాసేపటికి మెట్ల దగ్గర నిలబడి ఆయన తెచ్చిన వార్త ఇది: "సెల్ఫ్ తీసుకోవట్లేదమ్మా, బ్యాటరీ డౌన్!" అంటే ఆ క్షణాన మా బిల్డింగు మొత్తంలో ప్రాణమున్న బ్యాటరీ ఒక్కటే ఉంది, అది లిఫ్టులో ఇరుక్కుంది. అత్తయ్యకి మాత్రం ఇవేవీ పట్టలేదు. మజ్జిగ తెచ్చారు. స్టీలు గ్లాసు గ్రిల్‌లో పట్టకపోతే మా అబ్బాయి స్కూలు బాటిల్లో పోసి సందులోంచి దింపారు. "ముందు ఆ కుర్రాడికి ఇవ్వండి, రేటు పెంచాడు" అన్నారు.

లోపల బాబాయి గారికి చాలా ఏళ్ల తర్వాత, పారిపోయే వీల్లేని శ్రోత దొరికాడు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన రెండు సీసం రేకుల మధ్య గుడ్డ పెట్టి చుట్టగా చుట్టి యాసిడ్‌లో ముంచాడనీ, మళ్లీ మళ్లీ ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ పుట్టింది అప్పుడేననీ, నీ పక్కనున్నది దాని మునిమనవడేననీ కుర్రాడికి చెప్తున్నారు. కుర్రాడు "అవునా సార్, సిగ్నల్ రావట్లేదు సార్" అంటున్నాడు.

మమ్మల్ని గట్టెక్కించింది ట్రాలీ ఆటో డ్రైవరు. ఇంతసేపూ కింద బీడీ కాలుస్తూ కూర్చున్న మనిషి సంగతి కనుక్కుని, ఆటోని జనరేటర్ పక్కకి రివర్స్ చేసి, సీటు కింది నుంచి రెండు లావుపాటి వైర్లు తీశాడు. ప్లస్‌కి ప్లస్, మైనస్ వైరు ఇంజను బాడీకి. ఆటో ఇంజను ఆన్‌లోనే ఉంచి, వాచ్‌మన్‌ని తాళం తిప్పమన్నాడు. జనరేటర్ ఒక్క దగ్గు దగ్గి, పార్కింగంతా నల్లటి పొగ వదిలి, అందుకుంది. మెట్ల మీద గుమిగూడిన వాళ్లంతా చప్పట్లు కొట్టారు. లిఫ్టు కుదుపుతో కదిలింది. మూడు తలకాయలూ నవ్వుతూ, చూస్తుండగానే కిందికి వెళ్లిపోయాయి.

కరెంటు పోయి వస్తే మా లిఫ్టు ముందు గ్రౌండ్ ఫ్లోరుకి దిగి, అక్కణ్ణుంచి మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. ఆ సంగతి బాబాయి గారు దిగుతూ దిగుతూ రెండో ఫ్లోరు దగ్గర చెప్పారట, మాకు వినపడలేదు.

కింద గ్రిల్ తీయగానే ముగ్గురూ బయటికి దూకారు. మళ్లీ ఎక్కితే ఊరుకునేది లేదని అత్తయ్య పై నుంచే ఆజ్ఞ జారీ చేశారు. కానీ బ్యాటరీ పైకి రావాలి కదా. చివరికి తేలింది ఏమిటంటే, గ్రిల్ మూసేస్తే మేము పైన బటన్ నొక్కి పిలవచ్చు. అలా బ్యాటరీ ఒక్కతే, పల్లకీలో పెళ్లికూతురులా, తాపీగా పైకి వచ్చింది. ముగ్గురు మగవాళ్లూ దానికంటే ముందు చేరాలని మెట్ల మీద రొప్పుతూ పరుగు. బ్యాటరీయే గెలిచింది.

బిగింపు పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. కుర్రాడు పాత పొడి పట్టిన వైర్ల కొసల్ని వేడినీళ్లతో, టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరబెట్టాడు. ఎర్రవైరు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి బిగించాడు. నల్లది తగిలేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ ఎగిరితే ఇంట్లో అందరం ఒక అడుగు వెనక్కి వేశాం, కుర్రాడు మాత్రం ఆవలించాడు. పైన వాజిలిన్ పూసి, రాత్రంతా ఛార్జింగ్ ఎక్కనివ్వమన్నాడు. ఈలోగా అత్తయ్య కర్పూరం వెలిగించిన హారతి పళ్లెంతో ప్రత్యక్షమయ్యారు. బాబాయి గారు పెట్టిన కేకకి పళ్లెం చేతిలోంచి జారబోయింది. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, దాని దగ్గర అగ్గిపుల్ల కూడా గీయకూడదట. వెలిగించిన హారతిని ఊరికే ఆర్పేయకూడదని అత్తయ్య దాన్ని పట్టుకెళ్లి లిఫ్టుకి ఇచ్చారు. బ్యాటరీకి బొట్టు పెట్టి సరిపెట్టారు, టెర్మినల్‌కి దూరంగా.

ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. జనరేటర్‌కి కొత్త బ్యాటరీ, లిఫ్టు ఏఆర్‌డీకి కొత్త బ్యాటరీలు, కొటేషన్ చేతిలో పట్టుకుని ట్రెజరర్ గారు ఇంటికింత అని చెప్పగానే ఫస్ట్ ఫ్లోరు ఆవిడ లేచారు. "మేము లిఫ్టే ఎక్కం. మెట్ల మీదే వస్తాం, మెట్ల మీదే పోతాం. మేమెందుకు ఇవ్వాలి?"

ఎవరూ మాట్లాడలేదు. న్యాయంగానే ఉన్నట్టు తోచి ఇద్దరు ముగ్గురు తలలు కూడా ఊపారు.

"అవునమ్మా" అన్నారు మా అత్తయ్య, మెత్తగా. "మరి మొన్న మీ డబుల్ డోర్ ఫ్రిజ్ కూడా మెట్ల మీదే నడిచొచ్చిందా?"

ఆవిడ నోరు తెరిచేలోపే ట్రెజరర్ గారు పుస్తకంలో 'అందరికీ సమానం' అని రాసేసి, కింద గీత కొట్టేశారు.