ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గారికి, నల్లగొండ నుంచి

గౌరవనీయులైన పర్మిట్ గారూ,

1949 సెప్టెంబర్ 19న జెనీవాలో పెద్దమనుషులు కూర్చుని రోడ్డు రవాణా ఒప్పందం రాసుకున్నారు. మన లైసెన్సుతో విదేశాల్లో బండి నడపడానికి మన దేశంలో తమరిని ఇస్తున్నది దాని ఆధారంగానే. అప్పటికి మా జిల్లా నిజాం చేతిలోంచి బయటపడి ఏడాది మీద రెండు రోజులు. బండి బాటకు ఏ పక్కన నడవాలో ఆ రోజుల్లో ఎద్దులే చూసుకునేవి. ఆ పద్ధతిని మేం ఇప్పటికీ పెద్దగా చెడగొట్టలేదు. అలాంటి మా చేతుల్లోకి తమరు ఇంత తేలిగ్గా ఎలా వచ్చేస్తారన్నదే నా సందేహం.

పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, వెయ్యి రూపాయల ఫీజు. అంతే, ఏడాది పాటు తమరు మావారు. కుడిపక్కన నడిపే దేశానికి పోతున్నావు కదా, ఒకసారి నడిపి చూపించమని అడిగేవాళ్లు లేరు. ఉన్న లైసెన్సు మీద తమరికి అంత నమ్మకం.

ఆ లైసెన్సు వెనక ఏముందో చెబుతాను, వినండి. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన దాబాలో తిని బయటికొచ్చి, యూటర్న్ కిలోమీటరు అవతల ఉందంటే అంత దూరం ఎవడు పోతాడని, హెడ్‌లైట్లు వేసుకుని వచ్చే బండ్లకు ఎదురు నడుపుకుంటూ పోయిన అనుభవం ఉంది. యాసంగి కోతలైతే ఊరి రోడ్డు సగం కల్లమే. ఎండబోసిన వడ్ల అంచున తలకాయంత రాళ్లు పేర్చి ఉంటాయి. పొద్దుగూకాక వడ్ల మీద టార్పాలిన్ కప్పుతారు గానీ, రాళ్లు అక్కడే ఉంటాయి. ఏ మలుపులో ఎవరి రాయి ఉందో గుర్తుపెట్టుకున్నవాడే మా దగ్గర మంచి డ్రైవర్. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీని చీకట్లో కనిపెట్టే విద్య ఏ దేశపు డ్రైవింగ్ స్కూల్లోనూ నేర్పరు. ఇన్ని విద్యలొచ్చిన మనిషిని తీసుకెళ్లి నున్నటి రోడ్డు మీద రెండు గీతల మధ్య పొమ్మంటే కాళ్లూ చేతులూ ఆడతాయా?

మా అమ్మాయి వాళ్లుండే డాలస్‌లో, కారు అద్దెకిచ్చే కౌంటర్ ముందు తమరిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల తమరిని తెరిచి కూడా చూడలేదు. లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంది, అది చాలంది. తర్వాత అడిగింది క్రెడిట్ కార్డు. అది నడిపేవాడి పేరు మీదే ఉండాలట, అల్లుడిది చెల్లదట. అద్దె కాక డిపాజిట్ కింద ఇంకొంత ఆ కార్డులో పట్టి ఉంచింది. తమరు నొచ్చుకోవద్దు. జపాన్‌లో అయితే తమరు లేనిదే మాకు తాళంచెవి ఇవ్వరు, అదీ 1949 ఒప్పందం కింద ఇచ్చినదైతేనే. అదే చైనాలో తమరిని ఖాతరు చేసేవాళ్లే లేరు. మా ఊరి సర్పంచ్‌కు పక్క మండలంలో దొరికే మర్యాద ఇలాగే ఉంటుంది.

అసలు సంగతంతా ఆ కౌంటర్ మీది కాగితాల్లో ఉంది. మా దగ్గర తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాడే డ్రైవర్. పెళ్లికి పోయేటప్పుడు మామ, వచ్చేటప్పుడు బావ, నడుమ చాయ్ తాగిన దగ్గర్నుంచి ‘జర నాకియ్యి’ అని ఇంకొకడు. అక్కడ అగ్రిమెంటులో పేరు రాయించని మనిషి స్టీరింగ్ పట్టి ఎక్కడైనా గుద్దితే ఇన్సూరెన్సువాళ్లు చేతులు దులుపుకుంటారు. పోనీ దండిగా డబ్బు కట్టి ఇన్సూరెన్సు తీసుకున్నాం కదా అంటే, అద్దాలు, టైర్లు, కారు అడుగుభాగం చాలాసార్లు దాని కిందికి రావు, యూరప్‌లో మరీనూ. కొత్త కారు కొంటే దిష్టి తీయడానికి చుట్టూ తిరుగుతాం కదా, ఆ తిరిగేదేదో అద్దె కారు చుట్టూ ఫోన్‌లో వీడియో తీసుకుంటూ తిరిగితే, పాత గీతలకు మనకు కొత్త బిల్లు పడకుండా ఉంటుంది. ఈ మాట తమరి పేజీల్లో ఎక్కడా లేదు.

ఇక రోడ్డెక్కుదాం. అమెరికా పోయిన మా నల్లగొండవాడు మొదటి మలుపు తిరగబోతాడు, ఎర్రటి ఎండలో వైపర్లు ఆడతాయి. ఇక్కడి కార్లలో చాలావాటికి ఇండికేటర్ కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ ఎడమచేతి కింద. సరే, వైపర్లతో ఎవరూ చావరు. కానీ ఇన్నాళ్లు కుడి సీట్లో కూర్చున్న కళ్లు ఎడమ సీట్లోకి మారినా పాత లెక్కే వేస్తాయి, బండంతా తెలియకుండానే కుడికి జరుగుతుంది. పక్క సీట్లోంచి ఇల్లాలు ‘గోడ, గోడ’ అని అరుస్తుంటే ఈమెకు ఎప్పుడూ ఇంతే, ఉత్త పిరికి అనుకుంటాడు. అద్దం రాసుకుపోయేది ఆమె వైపే మరి, ఆమెకు కనబడదా?

రద్దీలో అంత భయం లేదు, ముందు పోయే బండి వెనకే పోతాం. తెల్లారకముందు పెట్రోలు బంకులోంచి బయటికొచ్చి, కనుచూపు మేరలో ఇంకో బండి లేని రోడ్డెక్కినప్పుడు ఉంటుంది. చెయ్యి తనంతట తానే ఎడమ పక్కకు తిప్పేస్తుంది. విమానంలో నిద్రలేక, పగలేదో రాత్రేదో తెలియని బుర్రతో అయితే చెప్పనే అక్కర్లేదు. దిగిన రోజే అద్దె కారు తెస్తానంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. ‘నాన్నా, ఇయ్యాల పండుకో, రోడ్లు యాడికి పోవు’ అంది. నా బిడ్డకున్న ముందుచూపు జెనీవా పెద్దమనుషులకు లేకపోయింది.

నాలుగు దారులు కలిసే చోట నాలుగు పక్కలా స్టాప్ బోర్డు పెడతారక్కడ. పోలీసు ఉండడు, సిగ్నల్ ఉండదు. ఎవరు ముందొచ్చి ఆగితే వాళ్లు ముందు కదలాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిపక్కవాడిది వంతు. ఆగడమంటే చక్రం పూర్తిగా నిలవాలి, చుట్టూ పిట్ట కూడా లేకున్నా సరే. ఈ ఏర్పాటును మా గడియారం సెంటర్లో ఊహించుకుందామని చూశాను. నాలుగు పక్కల నుంచీ అందరూ ఒకేసారి ముందొచ్చినవాళ్లే. అక్కడ మాత్రం మావాడు వాళ్లందరి మర్యాద చూసి బిత్తరపోయి నిలబడతాడు. ఎదుటివాడు హెడ్‌లైటు కొడతాడు. మా లెక్కలో దానర్థం ‘నేనొస్తున్నా, నువ్వాగు’. అతను ‘ముందు మీరు వెళ్లండి’ అంటున్నాడు పాపం. ఇద్దరూ ఆగే ఉంటారు.

పసుపు రంగు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి, పక్కన స్టాప్ బోర్డు చాపితే, నడుమ డివైడర్ లేని రోడ్డు మీద వెనకొచ్చేవాళ్లే కాదు, ఎదురొచ్చేవాళ్లూ ఆగాల్సిందే. ఆటోకు అటూ ఇటూ బ్యాగులు వేలాడేసుకుని బడికి పోయే పిల్లల మధ్య పెరిగినవాళ్లం, ఒక్క పిల్ల దిగడానికి రోడ్డు రోడ్డంతా ఆగిపోతే చాలాసేపు నమ్మబుద్ధి కాదు.

వెనకాల పోలీసు లైట్లు వెలిగితే పక్కకు ఆపి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని సీట్లోనే ఉండాలి. మావాడు మర్యాదస్తుడు, వెంటనే దిగుతాడు. ఎదురుపోయి నమస్తే సార్ అంటాడు. కాగితాల కోసం డ్యాష్‌బోర్డులో చెయ్యి పెడతాడు. ఇక్కడ ఇవన్నీ వినయం, అమెరికాలో పోలీసుకు వీటిలో ఏది చూసినా టెన్షనే. ‘ఒక్క నిమిషం సార్, అన్నతోని మాట్లాడుండ్రి’ అని ఫోను చాపితే తీసుకోడు. జేబులోంచి నోటు తీస్తే చలానాతో పోయేది కేసు దాకా పోతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, జడ్చర్లలో ఉండే మా బావమరిది విజిట్ వీసా మీద దుబాయ్ పోతున్నాడు. త్వరలో తమరు ఆయన చేతికి రాబోతున్నారు. రాయికల్ టోల్‌ప్లాజా దగ్గర అద్దం దింపి ‘లోకల్ బండి’ అని వాదించకుండా హైదరాబాద్ పోని మనిషి. దుబాయ్ టోల్‌కు గేటూ లేదు, బూతూ లేదు, వాదించుకుందామంటే మనిషే లేడు. సాలిక్ అని రోడ్డు పైన ఒక కమాను ఉంటుంది, దాని కింద నుంచి పోతే చాలు, లెక్క రాసుకుంటుంది. తర్వాత కారు అద్దెకిచ్చినవాళ్లు వాళ్ల చార్జీ కూడా కలిపి కార్డులోంచి తీసుకుంటారు. స్పీడ్ కెమెరా జరిమానాలదీ అదే దారి. నేను చెబితే వినడు. ‘రాత్రి మన్ననూరు అడవి గేటు పడేలోపు శ్రీశైలం ఘాటెక్కినోణ్ణి బావా, నాకు చెప్తవా?’ అంటాడు.

అందుకే తమరికి మనవి చేసుకుంటున్నాను. ఎవరికీ అర్థం కాని ఫ్రెంచి ముక్కలు ఎలాగూ అచ్చువేస్తున్నారు. ఆయన కాపీలో, ఫొటో కింద, తెలుగులో ఒక్క లైను వేయించండి: ‘అందరూ నీకు ఎదురుగా వస్తుంటే వాళ్లది కాదు, నీదే రాంగ్ రూట్.’

ఇట్లు,
గడువు తీరబోతున్న ఒక పర్మిట్‌దారుడు,
నల్లగొండ