పేరు చివర గీత ఉన్న ఆ పాత కాపీ ఫైళ్లు తీసెయ్యడానికి ఏం బాధ?

ఒంగోలులో ఒక కాలేజీ ల్యాబ్. 40 మెషీన్లు. ఒకే లినక్స్ ఇమేజ్, అంటే అన్నీ అమర్చిన సిస్టమ్ మొత్తం కాపీ, అన్నిటికీ ఎక్కించాలి. ఆ ఇమేజ్ తయారుచేసి ఇచ్చినవాళ్లు "అంతా క్లీన్ సార్" అన్నారు. నమ్మాను. సగం మెషీన్లు అయ్యాక సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ తెరిస్తే ఏముంది? యూజర్ ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, గ్రూపుల వివరాలుండే ఫైళ్లు: పాస్‌డబ్ల్యూడీ, షాడో, గ్రూప్, జీషాడో. ఒక్కోదాని పక్కనే అదే పేరు, చివర ఒక గీత. పాత కాపీలు!

యూజర్‌ని చేర్చినా, తీసేసినా సిస్టమ్ ముందటి ఫైలును అలా దాచిపెడుతుంది. నడుస్తున్న సర్వర్‌లో అయితే మంచిదే, చెయ్యి జారితే ఆదుకుంటుంది. అప్పుడే పుట్టిన ఇమేజ్‌కి ఎందుకది? ఎవరి పాత బతుకు అది?

షాడో గీత ఫైలు తెరిచాను. వాళ్లు తీసేశామన్న టెస్ట్ ఖాతా, దాని పాస్‌వర్డ్ హాష్‌తో (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేకుండా మార్చిన రూపం) సహా, చెక్కుచెదరకుండా ఉంది! అసలు ఫైలులో లేదు, కాపీలో ఉంది. ఫోన్ చేస్తే "రూట్ తప్ప ఎవరూ చదవలేరు కదండీ" అంట. రూట్ అంటే మెషీన్‌పై పూర్తి అధికారం ఉన్న ఖాతా. ఏందయ్యా ఆ మాట? ఇమేజ్ చేతికొచ్చినవాడు తన మెషీన్‌లో మౌంట్ చేసుకుంటే, అంటే డిస్కులా తగిలించుకుని తెరిస్తే, అక్కడ రూట్ వాడే కదా! ఆ హాష్ ముందేసుకుని పాస్‌వర్డ్ ఊహిస్తూ కూర్చుంటే ఆపేదెవరు?

తయారీ చివర్లో నాలుగు ఫైళ్లు డిలీట్ చేసే కమాండ్. ఒక్క లైను! అది రాయడానికి అంత బద్ధకమా?

ఆ లైను నేనే రాసి, మళ్లీ మొదటి మెషీన్ నుంచి ఎక్కించాను. కందుకూరు బస్సు పోయింది. ఇంట్లో పిల్ల నిద్రపోయింది.